అవ్వ కాళ్లు అందని గుంత

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం పోయిన కొత్తలో, వేములవాడ దగ్గర మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, అడుగునున్న కర్రలు తొక్కుతూ నేయాలి. నేసేవాళ్ల కాళ్లు కొలిచి గుంత తవ్వడం మా నేతవాళ్ల ఆచారం. మా గుంత బాపు కాళ్లకు, అంటే నాన్న కాళ్లకు, తవ్వింది. బాపు తాటిచెట్టంత మనిషి. ఆయన షోలాపూర్ మిల్లుకు పోయాక ఆ మగ్గం మీద మా అవ్వ, అంటే అమ్మ, కూర్చుంది. అవ్వ పొట్టిది.

కాళ్లు అందక ఆమె గుంత అంచుకు జారి, మునివేళ్లతో కర్రలు తొక్కేది. సాయంత్రానికి గోడ పట్టుకుని లేచేది. ఆ నడుం పడిపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. గుంతలో కాస్త మట్టి పోస్తానని అవ్వ అంటే తాతయ్య ఒప్పుకోలేదు. కొడుకు బతికుండగా అతని గుంత పూడ్చడం అపశకునమట. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కోడలి నడుం విరగడం మాత్రం శుభమా?

ఒకరోజు అవ్వ లేవలేకపోయింది. ఆ పూట బాపమ్మ, అంటే తాతయ్య భార్య, ఆయన అన్నం గిన్నెను దూలానికి వేలాడే ఉట్టిలో పెట్టింది. ఆమె పొడగరి, బాపుకు ఆమె పోలికే. తాతయ్య పొట్టివాడు. ఎంత నిక్కినా గిన్నె అందక ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నీ కొడుకు చెయ్యికి అందేటట్టు పెట్టిన, తిను" అంది బాపమ్మ. "ఒక్క పూట బువ్వ అందకపోతె నీకు గింత కోపమొచ్చె. నా కోడలు పొద్దంత కాళ్లందని కాడ కూసుంటున్నది. దానికెంత రావాలె?"

తాతయ్య తిట్టుకుంటూనే తట్ట పట్టుకుని మట్టికి పోయాడు. బాపమ్మ అవ్వ మోకాలి నుంచి అరికాలి దాకా నూలు పోగుతో కొలిచింది. ఆ కొలతకే గుంత పూడ్చారు.

దసరాకు బాపు వచ్చి మగ్గం మీద కూర్చుంటే మోకాళ్లు పైకి లేచాయి. మట్టి తీసెయ్యమన్నాడు. ఎన్నడూ ఎదురు చెప్పని అవ్వ, "గిది నా కాళ్ల గుంత. నీకు గావాలంటె ఇంకోటి తవ్వుకో" అంది.

మొన్న మా వాడు వంటింట్లో కొత్త గట్టు కట్టించాడు. కోడలు మునివేళ్ల మీద నిలబడి కూర కలుపుతోంది. ఎవరి ఎత్తు చూసి కట్టావని మేస్త్రీని అడిగితే, అందరికీ ఇంతే కడతామన్నాడు. దారప్పోగుతో కోడలి మోచేతి ఎత్తు కొలిచి, గట్టు పగలగొట్టించి మళ్లీ కట్టించాను. ఈ వయసులో ఇంత కోపమెందుకని మా వాడు గొణిగాడు. బాపమ్మ పొడుగు నాకు రాలేదు కానీ, కోపం మాత్రం వచ్చింది.