ఎర్ర పెన్ను గీత

మెదక్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌గా అది నా మొదటి ఏడాది. వెబ్‌సైట్లు తయారుచేసే ఒక ఫ్రేమ్‌వర్క్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, ఇంట్లో నా విండోస్ ల్యాప్‌టాప్ చూసి రాసుకొచ్చి, పిల్లల చేత రికార్డు పుస్తకాల్లో రాయించాను. మొదటి లైన్లోనే నా ఫోల్డర్ పేరు 'సుజాత' ఉంది. ల్యాబ్‌లో ఉన్నవన్నీ లైనక్స్ కంప్యూటర్లనీ, నా ఫోల్డర్ ఉన్న ఆ విండోస్ లైను వాటిలో పనిచేయదనీ పట్టించుకోలేదు.

రేగోడ్ నుంచి వచ్చే రేణుక మాత్రం ఆ లైను మార్చి రాసింది. "ల్యాబ్‌ల గిట్ల కొడితేనే అయితున్నది మేడం" అంది. "చెప్పింది రాయి" అని ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

ప్రాక్టికల్ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. అందరూ బట్టీపట్టిందే టైప్ చేశారు. ఎవరి స్క్రీన్ చూసినా నా పేరు, దాని కింద ఎర్రర్.

"ఈ సుజాత ఎవరు?" అని ఆయన ఒక అమ్మాయిని అడిగారు.

"మా మేడమే సార్."

రేణుక కంప్యూటర్‌లో మాత్రం ఇన్‌స్టాల్ అయింది. ఆయన ఆమె రికార్డు తిరగేసి, "మంచిగనే రాసినవ్ గదమ్మా, గిదెవరు కొట్టేసిండ్రు?" అన్నారు.

రేణుక నా వైపు చూడలేదు.

"నేనే సార్, తప్పనుకొని కొట్టేసిన" అంది.

ఎర్ర పెన్ను ఎవరి దగ్గర ఉంటుందో ఆయనకు తెలియనిది కాదు. మార్కులు వేశారు. కొట్టేసింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు ఎవరి రికార్డులోనైనా ఒక లైను కొట్టేసే ముందు, ల్యాబ్‌కు వెళ్లి టైప్ చేసి చూస్తాను.