మిల్లు మోత ఆపిన మా అమ్మాయి

చిట్టీ, నీ గురించి నన్ను రాయమన్నారే. నువ్వుంటే పడీ పడీ నవ్వేదానివి.

మా అమ్మాయి పోయిన కబురు మీలో చాలామందికి ఫోన్లోనే చేరింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, గుంటూరు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకునే పోయింది. పుట్టినప్పటినుంచీ గుండెలో వాల్వు సరిగా లేదు. రెండుసార్లు ఆపరేషను చేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు బతికింది. తను చేసిన ఆంప్లిఫయర్లు పెట్టుకుని పాటలు వినేవాళ్ళంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారట. “అమ్మగారూ, మీరూ రాయాలండీ” అన్నారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఏడవటానికి రాయటం లేదు. ఏడుపు నాకుంది, అది మీకెందుకు? మా అమ్మాయి ఎంత పనిమంతురాలో చెప్పటానికి రాస్తున్నాను.

ఇదంతా వాళ్ళ నాన్న చెవులతో మొదలయింది. మా ఆయన ఇరవై ఆరేళ్ళు పత్తి మిల్లులో చేశాడు. గింజ నుంచి దూది లాగే మరలు వరసగా తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. యాభై దాటేసరికి చెవులు మందగించాయి. అసలు వినపడకపోవటం కాదు. “శబ్దం తెలుస్తది, మాట తెలవట్లా” అనేవాడు. చెవి మిషను పెట్టిస్తే కూతలు పెడుతోందని తీసి బీరువాలో పడేశాడు. ఫోను ఇయర్‌ఫోన్లు పెడితే సూదులు గుచ్చినట్టుందన్నాడు. నలుగురిలో కూర్చున్నప్పుడు అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. మాట్లాడటమే మానేశాడు. నేనేమో ప్రతిదీ అరిచి చెప్పేదాన్ని. స్నానానికి నీళ్ళు తోడానన్నా అరుపే, చుట్టాలొచ్చారన్నా అరుపే.

అమ్మాయి డిప్లొమా చదివి బ్రాడీపేటలో ఒక రిపేరు షాపులో చేరింది. పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు అక్కడే పట్టుకుంది. వాటితో హెడ్‌ఫోన్లకి ఆంప్లిఫయరు చేసి నాన్నకి మాట వినిపిస్తానంది. షాపు ఓనరు ఎగతాళి చేసేవాడు.

“బ్లూటూతులొచ్చిన కాలంలో మా తాతల నాటి బుడ్లు పట్టుకుని ఏం చేస్తావమ్మా?”

“అందుకేగా అన్నా, మీ తాతకి బాగా వినపడింది. నేను జీతం పెంచమంటే మీకే వినపట్టంలా!”

ఆ నోరు నాదే. పట్టుదల మాత్రం వాళ్ళ నాన్నది. ఒకసారి నాతో అంది: “నాకెంత టైముందో నాకు తెలవదమ్మా. ఈ పని మాత్రం అయిపోవాలి.” అట్లా మాట్లాడొద్దని కసిరాను. కసిరానే గానీ అది నిజమని నాకూ తెలుసు.

ట్యూబుల కోసం చీరాల నుంచి కనిగిరి దాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగింది. బస్సు దిగి వచ్చి, న్యూస్ పేపర్లో చుట్టిన ట్యూబులు ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టేది. అన్నిటి మీదా ఒకటే నంబరు. నాకన్నీ ఒకటిగానే కనపడేవి. “చూడ్డానికి ఒకటేనమ్మా, పలకటం వేరు” అనేది.

నేను మిరపకాయల గోడౌనులో తొడిమెలు తీసే పనికి వెళ్తాను. ముప్పై ఏళ్ళ నుంచీ అదే పని. ఎండిన కాయని చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. చెమ్మ ఉంటే పలకదు. పైన ఎర్రగా నిగనిగలాడినా పలకని కాయ బస్తాలో పడితే బస్తా అంతా బూజు పడుతుంది. అమ్మాయి ఇది చిన్నప్పటినుంచీ చూసింది. ఒకరోజు హెడ్‌ఫోన్లు తెచ్చి నా తలకి పెట్టింది.

“నాకేం తెలుసే ఇవన్నీ?”

“కాయ సంగతి చెప్తావుగా. ఇదీ విని చెప్పు.”

ఒక్కో ట్యూబూ మారుస్తూ ఒకే పాట వేసింది. నా నోటికొచ్చిందే చెప్పాను. ఇది ఇంకా పచ్చిగా ఉంది. ఇది తాలు, పైన రంగే గానీ లోపల ఏమీ లేదు. ఇది గలగల. అమ్మాయేమో గబగబా చీటీల మీద రాసి ట్యూబులకి అంటించింది. పచ్చి అన్నవాటిని వారం పాటు వెలిగించి మళ్ళీ వినిపించేది. కొన్ని నిజంగానే ఆరినట్టు పలికేవి. మీ దగ్గరున్న ట్యూబు మీద ‘గలగల’ అని చీటీ ఉంటే, ఆ మాట నాది. చదువు లేని నా మాటని మా అమ్మాయి ఎక్కడెక్కడికో పంపింది.

నేను పాడుచేసిందీ ఉంది. ఆంప్లిఫయరు పెట్టె లోపల కరెంటుంటుంది, తను లేనప్పుడు ముట్టుకోవద్దని ఎన్నిసార్లో చెప్పింది. పెట్టెలు అమ్మటం మొదలుపెట్టాక ఒకరోజు, దుమ్ము పట్టింది కదా అని, స్విచ్చి తీసే ఉందని, గోడౌను నుంచి వచ్చిన కొంగుతోనే ట్యూబులు తుడిచాను. సాయంత్రం ఇద్దరు కొనేవాళ్ళు వచ్చారు. స్విచ్చి వేసింది. ట్యూబులు వేడెక్కాయి. కాసేపటికి ఒకాయన తుమ్మాడు, రెండో ఆయన దగ్గాడు, నా కళ్ళు మండాయి.

“ఎవరే దీనికి తాలింపేసింది!” అని మా అమ్మాయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరిచింది.

అయినా వాళ్ళు కొనే వెళ్ళారు.

అసలు పరీక్ష నాన్న దగ్గర. అమ్మకాలకి ముందే, మొట్టమొదటి పెట్టె చేసి, ఒక ఆదివారం పొద్దున్నే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది. పాట ఇంకా వెయ్యలేదు. ఆయన ముఖం ముడుచుకుపోయింది. హెడ్‌ఫోన్లు లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మిల్లు మోత. మళ్ళీ నన్ను మిల్లులో పెట్టావేందమ్మాయ్” అని లేచి బయటికి పోయాడు.

పెట్టెలో గుయ్‌మని సన్నగా ఒక మోత ఉండేది. నాకు, అమ్మాయికి అది పాటలో కలిసిపోయేది. ఇరవై ఆరేళ్ళు ఆ మోతలో బతికిన మనిషికి కలవలేదు. ఆపరేషను కుట్లు విప్పినప్పుడు కూడా ఏడవని పిల్ల ఆరోజు కుర్చీ పట్టుకుని ఏడ్చింది.

తరవాత ఏడెనిమిది నెలలు ఆ మోత మీదే పడింది. తీగలు మెలేసింది, విప్పింది, మళ్ళీ మెలేసింది. కొంచెం తగ్గేది, పూర్తిగా పోయేది కాదు. కరెంటుని మార్చి ఇచ్చే బరువు దిమ్మ ఒకటి ఉంటుంది కదా, ట్రాన్స్‌ఫార్మరు, అదే ఆ మోతకి మూలమని చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

“మిరపకాయల బస్తా పక్కన పెసరపప్పు పెడితే పప్పుకి ఘాటు ఎక్కదటే? విడిగా పెట్టవే.”

నా వంక అట్లా చూసింది. ఆ వారమే దిమ్మని వేరే పెట్టెలో బిగించి, రెంటికీ మధ్య మూరెడు తీగ వేసింది. ఇట్లా చేసేవాళ్ళు లోకంలో ముందే ఉన్నారట, తర్వాత చెప్పింది. “వాళ్ళ పుస్తకంలో చదివితే ఎక్కలేదమ్మా, నీ పెసరపప్పుతో ఎక్కింది” అంది. మీరు కొన్న పెట్టెలు జంటగా ఉండటం అందుకే.

రెండో ఆపరేషనుకి ఎనిమిది రోజులుందనగా నాన్నని మళ్ళీ కూర్చోబెట్టింది. ఆయన రానన్నాడు. “ఒక్కసారే నాన్నా” అని చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. స్విచ్చి వేసి ట్యూబులు ఎర్రబడేదాకా ఆగి, పాట వెయ్యకుండానే హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆయన తల వంచి విన్నాడు.

“ఏం రావట్లేదే. చెడిపోయిందేమో చూసుకో అమ్మాయ్.”

మా అమ్మాయి గంతేసింది. “ఏం రావట్లేదంటమ్మా! ఏం రావట్లేదంట!” గుండె జబ్బు పిల్ల, గంతులెయ్యకే అంటే వినదే.

అప్పుడు ఫోనులోది ఒకటి వేసింది. పాట అనుకున్నాను. కాదు, నా మాటలు. ట్యూబులు వింటూ నేను దానితో చెప్పుకున్నవి, నాకు తెలియకుండా పట్టి ఉంచింది. “మీ నాన్న పెళ్ళైన కొత్తలో తెగ మాట్లాడేవాడే. మీ అమ్మమ్మ, అల్లుడికి దవడలు నొప్పెట్టవా అనేది. ఇప్పుడు ఆ మాటల్లేక ఇంట్లో అన్నం ఉడికే చప్పుడు కూడా పెద్దగా వినపడతంది” అన్నాను నేను.

ఆయన హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. “ఎవరిదమ్మాయ్ ఈ గొంతు?” అన్నాడు.

అమ్మాయి నా వైపు వేలు చూపింది.

ఆయన నా ముఖంలోకి చూశాడు. “నువ్వు అరవకుండా కూడా మాట్లాడతావటే?” అన్నాడు. మళ్ళీ నెమ్మదిగా, “ఇన్నేళ్ళూ నా మీద కోపంతో ఉన్నావనుకున్నా” అన్నాడు.

ఆపరేషనయి ఇంటికొచ్చాక, ఆ పెట్టెకే చిన్న మైకు తగిలించింది. నేను మెల్లగా మాట్లాడితే ఆయనకి వినపడేది. ఆయనకి గలగల ట్యూబు పెట్టలేదు. అది చెవిలో గుచ్చుకుందన్నాడు. నేను తాలు అని పక్కన పడేసిన వాటిలోంచే ఒకటి తీసి పెట్టింది. నా మాట కాదన్నావేమే అంటే నవ్వింది. “అందరికీ మంచి ట్యూబంటూ ఉండదమ్మా. ఎవరి చెవికి ఏది పడితే వాళ్ళకదే మంచిది.” ఇంకో మాట కూడా అనేది: “సౌండు ఎవరైనా పెంచుతారు. చప్పుడు తగ్గించటమే పని.”

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఎన్ని పెట్టెలు చేసిందో మీకే తెలియాలి. ప్రతిదీ ముందు వాళ్ళ నాన్న చెవికి పెట్టి, “ఏం రావట్లేదు” అని ఆయన అన్నాకే మీకు పంపింది. మూడేళ్ళలో మా ఆయన మళ్ళీ మాటలపోగు అయ్యాడు. పెట్టెలు అరుగు మీదికి తెచ్చుకుని కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ మాట్లాడేవాడు. ఊళ్ళో ఏ కలెక్టరు తల్లికైనా ఇంత గర్వం ఉంటుందా అనుకునేదాన్ని.

అమ్మాయి పోయాక ఆయన ఆ హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు. కర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇద్దరం రెండు మూలల్లో కూర్చునేవాళ్ళం. మళ్ళీ పాత రోజులే వచ్చాయనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం కంచాలు పెట్టాను. ఆయన లేచి వెళ్ళి స్విచ్చి వేశాడు. ట్యూబులు ఎర్రబడేదాకా నిలబడ్డాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వచ్చి కూర్చుని, మైకు నా ముందుకి జరిపాడు.

“ఏదో ఒకటి మాట్లాడవే.”

ఏం మాట్లాడను? దాని పేరు తీద్దామంటే రాలేదు. చివరికి, “అన్నం తినయ్యా” అన్నాను. గుసగుసలా వచ్చింది, నాకే సరిగా వినపడలేదు.

“వినపడింది” అన్నాడు ఆయన. ముద్ద కలిపాడు.

మా అమ్మాయి చేతి పని మీ ఇళ్ళలోనూ వెలుగుతోంది. దాన్ని తలుచుకుంటూ వినండి. పాటకేం, కాస్త ఆగుతుంది. ముందు వేళకి కడుపునిండా అన్నం తినండి.