కొలంబోలో నా ఆకు ముందు కూర్చున్న మనిషి

దయ్యాలను నేను నమ్మను. గొప్పకు చెప్పడం లేదు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాణ్ణి. తెల్లవారకముందే బుడ్డీదీపం వెలుగులో ఒక్కణ్ణే ఆ గుంతలోకి దిగిన రోజులు ఎన్నో. అందులో తేళ్లు కనబడ్డాయి, ఒకసారి పాము కూడా కనబడింది. దయ్యం ఒక్కటే కనబడలేదు. ఎవరైనా అలాంటి కథలు మొదలుపెడితే పని చెడగొట్టకండని తిట్టేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ కాదు. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ధనుష్కోటి ఇంకా ఊరుగా ఉన్న రోజులవి. అక్కడి దాకా రైలు, అక్కడి నుంచి స్టీమరు, అవతల తలైమన్నారులో దిగి మళ్లీ రైలెక్కితే కొలంబో. నేనూ నంజప్పా కలిసి వెళ్లాం. నంజప్పది హిందూపురం, పట్టునూలు వ్యాపారం. పెనుకొండ హైస్కూల్లో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అతనికి కన్నడం, అరవం, తెలుగు మూడూ ధారాళంగా వచ్చు. నాకు తెలుగు ఒక్కటే. పాస్‌పోర్టు పనులన్నీ అతనే చూశాడు. చదువుకునే రోజుల్లో సెలవులకు మా ఇంటికి వచ్చి రోజుల తరబడి ఉండేవాడు. మా అమ్మ మా ఇద్దరికీ ఒకే గిన్నెలో సంగటి కలిపి పెట్టేది. నాకు అన్నదమ్ములు లేని లోటు అతని వల్లే తెలియలేదు.

పోయింది దేనికంటే, మా నాయన సొంతంగా ఊహించి మగ్గం మీద దారాలు కట్టి కుదిర్చిన ఒక అంచు కోసం. మామూలుగా చీరల అంచుల్లో చిలకలు ఎదురెదురుగా ఉంటాయి. మా నాయన కట్టిన అంచులో రెండు చిలకలూ వీపులు ఆనించుకుని, తలలు మాత్రం వెనక్కి తిప్పి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. అది కుదరడానికి ఆయనకు చాలా కాలం పట్టింది. ఆ చీర ఎవరి పెళ్లిలోనో కొలంబోలోని ఒక బట్టల షావుకారు కంటపడింది. ఈ అంచు నేసినవాళ్లు ఎవరో వస్తే ఏటా చీరలు తీసుకుంటానని కబురు పెట్టాడు.

అప్పటిదాకా మాది కూలి నేత. నూలు ఒకరిది, చీర ఒకరిది, పేరు ఒకరిది. నడుములు మాత్రమే మావి. ఆ బేరం కుదిరితే మొదటిసారి మా మగ్గాల మీద మా చీర నేస్తాం. నూలు నంజప్ప ఇస్తాడు, నేత మాది. నాయన ఆ అంచుకు మిగిలిన ఒక్క నమూనా ముక్కను చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని తన చేత్తో నా మొలతాడుకు కట్టాడు.

"నాయనా, ఇది పోతే మల్లా కట్టేదానికి నాకు కండ్లు లేవు. బద్రం" అన్నాడు.

స్టీమరు మీద ఆ మాటే నంజప్పకు చెప్పాను. లాభాలు ఎలా పంచుకుందామని అడిగాడు. నేను నవ్వేసి, "నీది నాది అని ఏముండాదప్పా మన మధ్య" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కొలంబోలో దిగిన దగ్గర నుంచి మా ఇద్దరికీ తిండి దగ్గరే పేచీ. మా ఇంట్లో నీచు ముట్టరు. అక్కడేమో ఎండుచేప పొడి పడని కూర ఉండదని నంజప్ప నన్ను ముందే భయపెట్టాడు. ఒక హోటలు ముందు నిలబడితే సాంబారులో వాసన చూడమంటాడు. ఇంకోచోట ఇడియాప్పం బాగుందనుకుంటే, దాని పక్కన పెట్టిన కొబ్బరి పచ్చడిలో చేప ఉందంటాడు. అరటిపళ్లు, టీ తప్ప నాకు దిక్కు లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు సముద్రపు గాలికి బూజు పట్టాయి. చెనిక్కాయల పొడి ఒక్కటి మిగిలింది, దాన్ని దేనితో తినాలి?

"నీకు పట్టింపులు జాస్తి ఓబుళేసా" అని విసుక్కునేవాడు.

ఒక్కటే ఆశ. షావుకారు మా ఇద్దరినీ మర్నాడు మధ్యాహ్నం తన ఇంటికి భోజనానికి పిలిచాడని నంజప్ప చెప్పాడు. వాళ్లూ నీచు తినరట. ఆ భోజనం ఉట్టి మర్యాద కాదు. మా నేతపనిలో ఒక పద్ధతి ఉంది. బేరం కుదిరాక ఒకే పంక్తిలో కూర్చుని, వడ్డించిన అన్నం మీద చెయ్యి పెట్టి మాట చెబుతారు. కాగితాలు అక్కర్లేదు. ఆ మాట తప్పినవాడి పక్కన మళ్లీ ఎవరూ ఆకు వేసుకోరు. తరాలుగా నేతగాళ్లతో వ్యాపారం చేసిన ఇల్లు కాబట్టి షావుకారుకూ అది తెలుసు.

అది చెప్పిన రోజు మధ్యాహ్నమే నంజప్ప కడుపు బాగాలేదని బసలో పడుకున్నాడు.

"సముద్రం దిక్కు పో. గుడి పక్కన మనోళ్ల హోటలు ఉండాది. ఆడ నీచు తగలదు. నిమ్మళంగా తినేసి రా" అన్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందో. ఒంట్లో బాగాలేకపోయినా నా తిండి గురించి ఆలోచించాడు కదా అనుకున్నాను. ఎండలో చాలా దూరం నడిచాను. గుడి ఉంది. పక్కన హోటలూ ఉంది, తలుపులకు అడ్డంగా కొయ్యలు కొట్టి ఉన్నాయి. మూసేసి చాలా కాలమైనట్టుంది.

వెనక్కి నడిచే ఓపిక లేక గుడి గోడ నీడలో అరుగు మీద కూలబడ్డాను. పక్కనే ఒకామె పూలు కట్టుకుంటూ కూర్చుంది. ఆకలికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చేసేదేమీ లేక మర్నాటి భోజనం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. అరిటాకు ఎలా పరుస్తారు, ముందు ఏం వడ్డిస్తారు, నెయ్యి వేస్తారా, ఇలా చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే ఊహించుకున్నాను. నిద్రపోలేదు. ఈ మాట ఒట్టేసి చెబుతాను. పూలామె మధ్యలో నా వైపు చూసి చెంబుతో నీళ్లిచ్చింది, తాగాను.

ఎండ వాలాక లేచాను. అప్పుడు తెలిసింది, ఆకలి లేదు. అణగారిపోయిన ఆకలి కాదు, కడుపు నిండుగా ఉంది. తేన్పు వచ్చింది. నోట్లో బెల్లం రుచి, మన బెల్లం కాదు, కొంచెం పొగ వాసన తగిలే బెల్లం. నేను ఎన్నడూ తిననిది. కుడిచేతి గోళ్లు పచ్చగా ఉన్నాయి, పప్పన్నం కలిపిన చేతికి ఉన్నట్టు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకుని బసకు వచ్చేశాను.

నంజప్ప గోడవైపు తిరిగి పడుకుని వణుకుతున్నాడు. పాపం, కడుపునొప్పి ముదిరిందని మజ్జిగ వెతికి తెచ్చి తాగించాను. గ్లాసు అందుకుంటూ నా చేతి వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున మంచం మీద నంజప్ప లేడు. ముందే వెళ్లి ఉంటాడనుకుని, అంచు ముక్క తీసుకుందామని పెట్టె దగ్గర కూర్చున్నాను. తాళం వేసినట్టే ఉంది. చెవి నా మొలతాడుకే ఉంది. తెరిస్తే పెట్టె ఖాళీ.

షావుకారు కొట్టుకు పరిగెత్తాను. కొట్టు వెనకే ఇల్లు. ఆయన మద్రాసులో ఉండివచ్చినవాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. నన్ను చూసి నవ్వి, "ఏమిటి మళ్లీ వచ్చారు? నిన్ననే అంతా అయిపోయింది కదా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నిన్న భోజనానికి వచ్చానట. ఆయన ఎదుటే అన్నం మీద చెయ్యి పెట్టి, అంచు ముక్క నంజప్ప చేతికిచ్చి, ఇక మీదట ఈ చీరలన్నీ నంజప్పే హిందూపురంలో మగ్గాలు పెట్టి నేయిస్తాడని చెప్పానట. ఎందుకని ఆయన అడిగితే, "నీది నాది అని ఏముండాదప్పా మన మధ్య" అన్నానట.

నేను రాలేదన్నాను. గుడి దగ్గర ఉన్నానన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. తన ఇంట్లో అన్నం తిని కాదంటానా అని లోపలి నుంచి తల్లిని పిలిచాడు. ముసలావిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆమె అరవంలో చెప్పింది ఆయన తెలుగులో చెప్పాడు. తినబోయే ముందు నేను ఒక చిటికెడు అన్నం తీసి ఆకు అంచున బొటనవేలితో అదిమానట. అలా చేసేవాళ్లను ఆమె ఎప్పుడూ చూడలేదట.

దాన్ని మా ఇంట్లో గుంత ముద్ద అంటారు. కూడు పెట్టే మగ్గం గుంతకు మొదటి ముద్ద. మా తాత మొదలుపెట్టాడు, ధర్మవరంలో కూడా ఇంకే ఇంట్లోనూ లేదు. బయటివాళ్లలో అది తెలిసింది నంజప్ప ఒక్కడికే.

ఎవరికో నా వేషం కట్టి, నా అలవాటు నేర్పించి కూర్చోబెట్టాడు దొంగ అనుకున్నాను. అక్కడి నుంచే నా కోపం మొదలైంది. కానీ ముసలావిడ నా ముఖం చూసి జాలిపడి, లోపలికెళ్లి ఒక బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. నిన్న ఈ బెల్లంతో చేసిన పాయసం రెండోసారి అడిగి వేయించుకున్నానట.

నోట్లో వేసుకున్నాను. పొగ వాసన. అదే రుచి.

అక్కడి నుంచి గుడి దగ్గరికి వెళ్లాను. పూలామె అక్కడే ఉంది. సైగలతో అడిగాను, నిన్న నేను ఇక్కడే ఉన్నానా అని. ఆమె అరుగు చూపించింది, సూర్యుణ్ణి చూపించి నడినెత్తి నుంచి పడమటి దాకా చెయ్యి తిప్పింది. చెంబు చూపించి నవ్వింది.

కొలంబోలో నంజప్ప నాకు మళ్లీ కనబడలేదు. ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. స్టీమరు మీద ఏడ్చాను, సిగ్గుపడను. బేరం పోయినందుకు కాదు. ఒకే గిన్నెలో తిన్నవాడు నమ్మించి గొంతు కోశాడే అని ఏడ్చాను.

ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. నాయన అంతా విని రెండే మాటలు అడిగాడు.

"అన్నం మీద చెయ్యి పెట్టి చెప్పినావా?"

"నేను కాదు నాయనా."

"తాళంచెవి యాడుండె?"

"నా మొలతాడుకే."

ఆ రోజు నుంచి ఆయన నా పంక్తిలో కూర్చోలేదు. నేను తిన్నాక తినేవాడు, లేదా నేను రాకముందే తినేసేవాడు. హిందూపురంలో నంజప్ప మగ్గాలు పెట్టించాడని, వీపులానించిన చిలకల అంచు బాగా పోతోందని వినేవాళ్లం. నాయన వినీ విననట్టు ఉండేవాడు. పోయే ముందు నా చేత్తో గంజి పట్టబోతే తల తిప్పుకున్నాడు. మా అమ్మ పడితే తాగాడు. కొడుకే తన అంచును అమ్ముకున్నాడన్న నమ్మకంతోనే వెళ్లిపోయాడు.

ధనుష్కోటిని సముద్రం మింగేసిన తర్వాతి సంగతి ఇది. పెనుకొండలో మాకు చదువు చెప్పిన అయ్యవారి ఇంట్లో పెళ్లి. నేను పంక్తిలో కూర్చున్నాను. పక్క ఆకు ముందు ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే నంజప్ప. సగానికి చిక్కిపోయాడు. లేచి వెళ్లిపోదామనుకున్నాను. నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"తిట్టు, కొట్టు. ముందు ఇనప్పా. నేను మోసం చేయాలనే పోయినా. నీకు జొరమొచ్చింది, అంతా నా మింద ఇడిసినావని షావుకారికి చెప్పాలనుకున్నా. భోజనం ఆ పొద్దే. నీకు రేపని అబద్దం చెప్పినా. ఆ హోటలు మూసినారని కూడా నాకు తెలుసు."

"ఎవురిని కూర్చోబెడితివి నా ఆకు ముందర?"

అతను అన్నం మీద చెయ్యి పెట్టాడు.

"ఎవురినీ పెట్టలేదు ఓబుళేసా. నేను పోయేసరికే నువ్వు కూర్చోనుండావు. చేతిలో అంచు ముక్క ఉండాది. నేను నోరు తెరవకముందే నువ్వే ఇచ్చేస్తివి. నా దిక్కు సూసి నగితివి. నేను మెతుకు ముట్టకుండా లేసి పరిగెత్తినా. రూముకొచ్చి పండుకుంటే, నువ్వు ఎండలో నుంచి వచ్చి నాకు మజ్జిగ తాగిస్తివి."

"అట్లయితే ఆర్డరు ఎందుకు తీసుకుంటివప్పా?"

"ఆశ" అన్నాడు. ఆకు మడవకుండానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఏడాది తిరగకుండా పోయాడని తెలిసింది.

తన తప్పు తగ్గించుకోవడానికి కట్టిన కథ కావచ్చు. ఎన్నోసార్లు అలా సర్దిచెప్పుకున్నాను. కానీ నా గోళ్ల పసుపు, నా నోటి రుచి నేను అతనికి చెప్పలేదు. తాళం వేసిన పెట్టె సంగతి నేను ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దు గుడి గోడ నీడలో నేనున్నాను, ఆ పూలామె సాక్షి. షావుకారు ఇంట్లో ఆకు ముందూ నేనే ఉన్నాను, మూడు జతల కళ్లు సాక్షి. రెండూ ఎలా నిజమవుతాయో నాకు తెలియదు. ఎవరైనా చదువుకున్నవాళ్లు చెబితే వింటాను.

నంజప్ప మీద కోపం ఆ పంక్తిలోనే పోయింది. అతను మోసం చేద్దామనుకున్నాడు, ఆశపడ్డాడు, మనిషి లక్షణం. కానీ నేను ఆకలితో మాడుతుంటే నా ఆకు ముందు కూర్చుని, నా గుంత ముద్ద పెట్టి, పాయసం రెండుసార్లు వేయించుకుని, మా నాయన కళ్లు ధారపోసి కట్టిన అంచును నవ్వుతూ ఇచ్చేసినవాడు ఒకడున్నాడు. నాయన పంక్తిలో నాకు చోటు లేకుండా చేసింది వాడే.

వాణ్ణి మాత్రం క్షమించలేను. ఎక్కడని వెతకను? ఇప్పటికీ కంచం ముందు కూర్చుని బొటనవేలితో గుంత ముద్ద అదిమేటప్పుడు, ఆ చెయ్యి నాదేనా అని ఒకసారి చూసుకుంటాను.