చెప్పకముందే సన్మానం

అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మా పక్కింటి పెద్దావిడది కంబోడియా. అక్కడి నరమేధంలో తల్లినీ తమ్ముళ్ళనీ పోగొట్టుకుని, ఒక్కతే సరిహద్దు దాటి బతికి బయటపడిన మనిషి. ఆ సంగతులు ఇక్కడి స్కూళ్ళలో, లైబ్రరీల్లో చెబుతూ ఉండేది. ఆవిడలాగా చెప్పేవాళ్ళలో కొందరు పోయారు, మరికొందరికి మతిమరుపు వచ్చేసింది. ఈమధ్య ఆవిడకీ మాటలు తడబడుతున్నాయి. "గుర్తున్నప్పుడే చెప్పాలి. పిల్లలుండే చోటు ఎక్కడైనా చూడు" అని నన్నడిగింది.

పిల్లలంటే మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి వచ్చినంతమంది ఇంకెక్కడికీ రారు. సెక్రటరీని పట్టుకుని అరగంట ఇప్పించాను. నేను రిటైరైన డాక్టర్ని, డెబ్బై దాటినదాన్ని, కాదనలేకపోయాడు. ఆవిడ మా వంటింట్లో కూర్చుని రోజూ ప్రాక్టీస్ చేసింది.

తీరా ఆ రోజు వచ్చేసరికి, పెద్దవాళ్ళెవరైనా స్టేజీ ఎక్కితే మనవాళ్ళ చేతులు ఊరుకోవు కదా. ముందు స్పాన్సర్లంతా జ్యోతి వెలిగించారు. తర్వాత ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు, శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదని జ్ఞాపిక వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. కార్యవర్గం ఒక ఫొటో, దాతలు ఒక ఫొటో. ఆవిడ ఓపిగ్గా నవ్వుతూ మైకు వైపే చూస్తోంది.

సెక్రటరీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీ, టైమ్ అయిపోయింది. డాన్స్ పిల్లలు మేకప్‌తో వెయిట్ చేస్తున్నారు. మేడమ్‌ని రెండు ముక్కలు మాట్లాడమనండి, నెక్స్ట్ ఇయర్ ఫుల్ స్లాట్ ఇచ్చేద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నెక్స్ట్ ఇయర్‌కి ఆవిడకి గుర్తుండొద్దటయ్యా?" అన్నాను.

అప్పటికే మైకు ఆవిడ చేతిలో పెట్టేశారు. థాంక్యూ చెప్పి, వాళ్ళమ్మ పేరు చెప్పింది. పెద్ద తమ్ముడి పేరు చెప్పి, రెండోవాడి పేరు కోసం ఒక్క క్షణం ఆగింది. అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. పాట పెట్టేశారు.

తిరిగొస్తుంటే కార్లో ఆవిడ శాలువా అంచు తడిమి చూసుకుంది. "బాగుంది. కానీ నేనింకా ఏమీ చెప్పలేదుగా, ఇదెందుకు?" అంది.

నాకు సిగ్గేసింది. ఒక షాపు ముందు కారు ఆపాను. "ఇప్పుడు చెప్పండి. ఎంతసేపైనా సరే, నేను వింటాను" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నీకు చెబితే ఎన్నాళ్ళుంటుంది? నువ్వూ ముసలిదానివేగా."