గుడ్ ఫ్రైడేకి జాతర సెలవు

కడపలో డిగ్రీ చదివే ఆరాధనకు ఆ ఏడు ఒక్క శుక్రవారం కావాల్సి వచ్చింది. అదీ క్యాలెండర్‌లో ఎర్రగా అచ్చేసి ఉన్న శుక్రవారం. ప్రభుత్వం ఇచ్చిన సెలవును కాలేజీవాళ్లను మళ్లీ అడుక్కోవడమేమిటని మీరడగొచ్చు. ఆ రోజు ఆరాధన బ్యాచ్‌కు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు మహానుభావులు. ఆ బ్యాచ్‌కు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ గారికి ఆ రోజే తీరికట. ఎందుకయ్యా తీరికంటే, వాళ్ల కాలేజీకి గుడ్ ఫ్రైడే సెలవట.

ఆ పిల్ల షికారుకేం అడగలేదు. కమలాపురం పక్కన వాళ్ల ఊరి చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఒక్కో మాట ఒక్కో ఇంటిది. ఐదోది, ‘దప్పిగొనుచున్నాను’ అన్న దప్పిక మాట, ఆరాధన అవ్వ జీవమ్మది. కూలికి పోయే జీవమ్మ ఆ మాట ఎత్తుకుందంటే చర్చి అంతా కళ్లు తుడుచుకునేది. ఈ ఏడు గొంతుకు ఆపరేషనై ఆమెకు గుసగుస తప్ప మిగల్లేదు. కొడుకు జ్ఞానరాజు, అంటే ఆరాధన నాన్న, మంగంపేట గనుల్లో బండలు పగలగొడతాడు గానీ మైకు చూస్తే చెమటలు పట్టేస్తాయి. ఇంట్లోంచి ఎవరూ లేవకపోతే మాట ఇంకో ఇంటికి పోతుంది.

"నువ్వు రాకుంటే మన మాట పాయె పాపా" అంది జీవమ్మ ఫోన్లో, ఆ గుసగుసతోనే.

ఆరాధన పోయి హెచ్‌ఓడీ రాఘవేంద్రప్రసాద్ గారి ముందు నిలబడింది. గురువారం బ్యాచ్‌తో పరీక్ష రాస్తానంది. ఆయన చాలా దయగా ఆలోచించారు.

"గుడ్ ఫ్రైడే పండగ కాదు గదమ్మా, సంతాపం. సంతాపానికి సెలవెందుకు? ల్యాబ్‌లో కూర్చుని బాధపడితే మీ దేవుడొద్దంటాడా?"

ఇంత వేదాంతం ఉచితంగా చెప్పాక ఒట్టి చేతులతో పంపడం మర్యాద కాదనుకున్నారేమో, పాస్టరు గారి లెటరు తెస్తే చూద్దామన్నారు. ఆరాధన ఊరికి పోయి, సీలు వేయించుకుని తెచ్చింది. ఆఫీసులో క్లర్కు శివకుమారి ఆ లెటరు చూసింది, కంప్యూటర్‌లో పిల్ల వివరాలు చూసింది, గొంతు తగ్గించింది.

"పాపా, నీ సర్టిఫికెట్లో హిందూ అని ఉండాది. ఈ లెటరు ఈడ పెట్టినావంటే నువ్వు ఎస్సీ కాదంటారు. ఫీజు యాడ నుంచి తెస్తావు? బ్యాగులో పెట్టుకో."

మంచి మనిషి. చట్టమూ ముచ్చటైనదే. చర్చికి పోయినంత మాత్రాన వీళ్ల కులాన్ని ఊళ్లో ఒక్కడూ మర్చిపోడు, కాగితం మాత్రం ఇట్టే మర్చిపోతుంది.

ఆరాధన ఆ రాత్రి ఏడ్చింది. తెల్లారి ఇంకో అర్జీ రాసింది. శుక్రవారం ఊళ్లో పెద్దమ్మ జాతర, అవ్వ మొక్కు తీర్చాలి అని. అదే పిల్ల, అదే శుక్రవారం. రాఘవేంద్రప్రసాద్ గారికి తెలియదనుకునేరు, శుభ్రంగా తెలుసు. జాతరకు లెటరు అక్కర్లేకపోయింది, గురువారం బ్యాచ్‌లో చోటూ దొరికింది.

"ఇప్పుడు రాసినావు పద్ధతిగా" అని మెచ్చుకుని సంతకం పెట్టి, తన పేరున ఒక కొబ్బరికాయ కూడా కొట్టమన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో నాలుగు మాటలయ్యాయి. ఆరాధన లేచింది. కరువు గురించీ, ఎండిన బోర్ల గురించీ చక్కగా తయారై వచ్చింది. అందులో ఒక్క ముక్కా నోట రాలేదు.

"ఈ మాట చెప్పేదానికి, నేను ఈ దేవుని బిడ్డను కాదని రాసిచ్చి వచ్చినా" అంది, అంతే.

పాస్టరు గారు తల దించుకున్నారు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరింట్లో వెతికినా అదే సర్టిఫికెట్ దొరుకుతుంది. జీవమ్మ బెంచీ పట్టుకుని లేచింది. మెల్లగా ముందుకొచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"బడిలో చేర్పించేటప్పుడు అట్ల రాయించింది నేనే పాపా, నీ చదువు కోసరం. ఏడవాల్సింది నేను, నువ్వు కాదు."

ఆ గుసగుస మైకులో పడి చివరి బెంచీ దాకా వినిపించింది. ఐదో మాట వాళ్లింట్లోనే ఉండిపోయింది.