బావ కాలి పుండు, నా వేపనూనె

వేసవి సెలవులిచ్చిన మర్నాడు సాయంత్రం నాలుగింటికి విజయనగరంలో రాయపూర్ బండి ఎక్కాను. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా బావ అప్పలనాయుడి కాలి మీద పుండు నెలల తరబడి మానడం లేదని అక్క అంతకు ముందే రాసింది. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. ఆ హోదాతో, చూడకుండానే, కంగారేమీ లేదు, వేపనూనె రాయండని జవాబిచ్చాను. తగ్గకపోయేసరికి బావకు నూనె రాయడం చేతకావడం లేదనుకుని, ఆ పద్ధతి చూపించడానికి రెండు సీసాలతో స్వయంగా బయల్దేరాను.

బొబ్బిలి దాటాక ఎదుటి సీటులోని మేరమ్మగారితో మాట కలిసింది. ఆవిడ భిలాయిలో నర్సు. అడగకుండానే నా వైద్యమంతా వివరించాను. పుండు ఎక్కడ లేచిందని అడిగింది. పన్నెండేళ్ళ కిందట కొలిమి దగ్గర కరిగిన ఇనుము చింది బావ పిక్క కాలిందని, ఆ మచ్చ మీదేనని చెప్పాను.

ఆవిడ తింటున్న జంతిక పక్కన పెట్టింది. "నూనె రాయకండి మాస్టారూ. పాత కాలిన మచ్చ మీద పుండు లేచి మానకపోతే కేన్సరేమోనని చూడాలి. ముక్క తీసి పరీక్ష చేస్తే తెలుస్తాది."

చర్మ కేన్సరు ఎండకు ఓర్చుకోలేని తెల్లవాళ్ళకే వస్తుందని, పదో తరగతికి చెప్పినట్టే ఆవిడకూ పాఠం చెప్పాను. ఆవిడ వాదించలేదు. తను కట్లు కట్టిన అలాంటి కాళ్ళ గురించి మాత్రం చెప్పింది. ఆలస్యంగా వచ్చిన ఒకతనికి మోకాలి పైదాకా తీసేశారట. పార్వతీపురంలో ఇడ్లీలు కొన్నాను, పొట్లం విప్పకముందే ఆ పుండు ఎలా ఉంటుందో ఆవిడనే అడిగాను.

పొద్దున్న రాయపూర్‌లో బండి మారి, పదిన్నరకు భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి, రిక్షాలో బావ వాళ్ళుండే క్యాంప్ 2 చేరాను. పుండు అంచులు గట్టిపడి పైకి లేచి ఉన్నాయి, వాసన వస్తోంది. ఆసుపత్రికి వెళ్దామన్నాను. బావ తలగడ కింద నుంచి నా ఉత్తరం తీశాడు. అక్క ఆసుపత్రి మాట ఎత్తినప్పుడల్లా అదే చదివి వినిపించేవాడట.

"ఏటిరా సూరీ, కంగారేటీ లేదని నువ్వే కదా రాసినావు?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఏ క్లాసు ముందూ అనని మాట అన్నాను. "తెలీక రాసినాను బావా. తప్పు రాసినాను."

అక్క బావ చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

ఆసుపత్రిలో ముక్క తీశారు. ఫలితానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను సుపేలా బజారులో ఓ అద్దం కొని నా పుట్టుమచ్చలన్నీ తనిఖీ చేసుకున్నాను. నాకు మూడు కేన్సర్లు తేలాయి. ఒకటి సిరా మరక.

బావకు మాత్రం నిజంగానే కేన్సరు. ఇంకా గజ్జలదాకా పాకలేదు. పుండును చుట్టూ కోసి తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే కాలు దక్కేది కాదని డాక్టరు అన్నప్పుడు, ఆ ఆగిన నెలల్లో నా వాటా ఎంతో తెలిసినవాడిని గనుక నేల చూశాను.

ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ బావ లుంగీ ఎత్తి కాలు చూపించి, ఎదురు తనిఖీ మొదలెట్టాడు. ఎవరికెక్కడ కాలిందో చూపించాల్సిందే. దగ్గర్లోని ఉతై నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీ ఒకతని మోచేతి మీద పాత మచ్చ పగిలి రసి కారుతోంది. "కల్ నహీ, ఆజ్ దిఖా దో భయ్యా," అని, రేపనకుండా ఆ రోజే చూపించుకోమని బావ అతన్ని వదల్లేదు. ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను, దారిలో సలహా ఒక్కటీ ఇవ్వకుండా.

సెలవుల ఆఖరున తిరుగు ప్రయాణం. భిలాయి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. కర్మాగారం లోపలికి వెళ్ళనేలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ, దాని మీద ప్యాంటు మడిచి కాళ్ళు చూపించుకునే మనుషులు, అంతే చూశాను. స్టేషనుకు బావ వచ్చాడు. కాస్త కుంటుతూనే, నాకంటే ముందు, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు.