టచ్ స్క్రీన్ బాగుందని రాసింది నేనే

మా రొయ్యల ప్లాంటులో యాజమాన్యం మనుషులు నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకునే రకం నేను. అలాంటిది ఒకరోజు, కొత్త కంప్యూటర్లు కొంటున్నాం, ఏవి కావాలో మీరే చెప్పండి అంటూ పై అంతస్తు మీటింగు గదికి పిలిచి టీ, బిస్కెట్లు పెట్టారు. నేను బిస్కెట్టు ముట్టకుండా, ఇందులో మెలిక ఎక్కడుందా అని చూస్తూ కూర్చున్నాను.

నేను గ్రేడింగు హాల్లో సూపర్‌వైజర్ని. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలను ఐసునీళ్ళలో కడిగి, సైజుల వారీగా వేరుచేసి, కిలోకి ఎన్ని తూగుతాయో ఆ కౌంటు కంప్యూటర్లో కొట్టే చోటు అది. కొట్టే నలుగురిలో వయసులో పెద్దది ఒక అక్క. ఆమెది పులికాట్ పక్క పల్లె. పదేళ్ళకు పైగా నిలబడి రొయ్యల తలలు తీసింది. మోకాళ్ళు అరిగిపోయి, ఇక పని మానెయ్యాలేమో అనుకునే వేళకు ఈ కుర్చీ దొరికింది. పాత కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పి, తడి గ్లౌజులతోనే, కళ్ళు తూకం మీద పెట్టి, వేళ్ళ వైపు చూడకుండా అంకెలు కొట్టేది. ఆ కుర్చీ పోతే మళ్ళీ రోజంతా నిలబడే ఓపిక ఆమెకు లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మీటింగు గదిలో నా ముందు, ఆ నలుగురి ముందు రెండు రకాలు పెట్టారు. ఒకటి నిగనిగలాడే టచ్ స్క్రీన్. రెండోది రబ్బరు మీటలున్న మోటు పెట్టె. పై అంతస్తుకు పోవాలంటే బూట్లు, గ్లౌజులు కింద విప్పి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోవడం మాకు అలవాటు. రొయ్యల వాసనకు ఎవరైనా ముక్కు మూసుకుంటే మాకు నామోషీ. అక్క అయితే చేతులు పైటకు రెండుసార్లు తుడుచుకుని, తెరను ముట్టి కళ్ళకద్దుకుని మరీ నొక్కింది. పొడి వేళ్ళకు అది చక్కగా పలికింది. అందరూ ముచ్చటపడ్డారు.

కొత్తగా వచ్చిన కంప్యూటర్ల ఆఫీసరమ్మ తలా ఒక కాగితం ఇచ్చింది. ఏది నచ్చింది, ఇబ్బందులు ఏమిటి అని రెండు ప్రశ్నలు. పైన పేరు రాయడానికి ఒక గడి. నా కళ్ళు ఆ గడి దగ్గరే ఆగిపోయాయి. అంతకుముందు క్యాంటీను గురించి ఇలాగే అడిగితే, సాంబారు నీళ్ళలా ఉందని రాసినవాణ్ణి వారం తిరక్కుండా ఐసు గదికి మార్చారు.

అక్కకు అంకెలు తప్ప రాత రాదు. కాగితం నా చేతికిచ్చి మెల్లగా చెప్పింది.

"గ్లౌజులేసుకుంటే ఇది పలకదేమో నాయనా. తడి చేతులకి ఆ మీటలదే మేలు. అట్నే రాయి."

"అట్ట చెప్పబాకక్కా" అన్నాను. "పేరు ఎందుకు రాయమంటుండారో చూసినావా? చేతకానోళ్ళు ఎవరో తేల్చుకునేదానికి. నోరు తెరిస్తే నీ కుర్చీకే ఎసరు."

"అంతేనంటావా?"

"అంతే."

ఆఫీసరమ్మ మా దగ్గరికి వచ్చి, "నిజంగా ఏ ఇబ్బందీ లేదా? మొహమాటపడకండి" అని రెండుసార్లు అడిగింది. ఇంత గుచ్చి గుచ్చి అడుగుతోందంటే వెనక ఏదో ఉందని నా అనుమానం ఇంకా ముదిరింది. టచ్ స్క్రీన్ బాగుంది, ఇబ్బంది ఏమీ లేదు అని అక్క కాగితంలో రాసేశాను. మిగతావాళ్ళ చెవిలోనూ అదే వేశాను.

నెల తిరక్కుండా టచ్ స్క్రీన్లు హాల్లోకి దిగాయి. గ్లౌజు వేలికి పలకవు. నీటిచుక్క పడితే వాటంతట అవే అంకెలు కొట్టుకుంటాయి. హాల్లో గ్లౌజు విప్పడం కుదరదు. మిగతా ముగ్గురూ చిన్నవాళ్ళు, పెన్నులాంటి పుల్లతో పొడుస్తూ నెట్టుకొచ్చారు. అక్క మాత్రం తూకం చూసి, పుల్ల చూసి, తెర చూసేలోపు ట్రే దాటిపోయేది. రెండు లోడ్లు తప్పు కౌంటుతో పోయాక, ఆమెను తిరిగి తలలు తీసే బల్లకు వేశారు.

ఒళ్ళు మండి ఆఫీసరమ్మ గదికి పోయాను. "అడిగినట్టు అడిగి, మీకు కావాల్సిందే తెచ్చుకున్నారు కదా మేడం" అన్నాను. ఆమె ఫైలు తెరిచి కాగితాలు నా ముందుకు తోసింది.

"ఆ రబ్బరు మీటల మిషను తెప్పించిందే మీ తడి చేతుల కోసం. ఒక్కరు రాసినా అదే కొనేదాన్ని. దాన్ని వెనక్కి పంపేశాం."

మరి పేర్లు ఎందుకు అని అడిగాను.

"ఇబ్బంది రాసినవాళ్ళ దగ్గరికి వచ్చి, పనిచేసేచోటే చూద్దామని."

అబద్ధం చెబుతోందేమోనని ఆమె మొహంలో వెతికాను. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. కానీ ఎదురుగా అక్క కాగితం ఉంది, అందులో అక్షరాలు నావి.

ఆ రోజే అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు చేశాను, సిగ్గుగా ఉందన్నాను. ఆమె ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుని, "పోనీలే నాయనా" అని పని చూసుకుంది.

ఈమధ్య మళ్ళీ కాగితాలు పంచారు. తలలు తీసేవాళ్ళకు ఎత్తు స్టూళ్ళు వేద్దామనుకుంటున్నాం, ఎలాంటివి కావాలో చెప్పండి అని. నేను అలవాటుకొద్దీ అక్క కాగితం కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని మడిచి నడుములో దోపుకుంది.

"నేనే పోయి ఆయమ్మకు చెప్పుకుంటాలే" అన్నది.

గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి ఎక్కింది. పోయి చెయ్యి అందించడానికి నాకు మొహం చెల్లలేదు.